డిస్కులో చెరిగిన హద్దులు



తాళపత్ర గ్రంథములతో కొంత పరిచయము గలవారికి ఒక సంగతి తెలిసియే యుండును. త్రాడు తెగి ఆకులన్నియు చెల్లాచెదరైన గ్రంథమును చూచి సామాన్యుడు "ఇది పాడైపోయినది" అని అటక మీదికి విసరివేయును. పండితుడట్లు చేయడు. ఆకులున్నవి, అక్షరములున్నవి, పోయినది వరుస మాత్రమే. ఆశ్వాసాదియందు కృతిపతిని సంబోధించు పద్యముండును. ఆశ్వాసాంతమున కవి తన పేరును తండ్రి పేరును చెప్పుకొను గద్య యుండును. ఈ రెండు గుర్తులను పట్టుకొని ఏ ఆశ్వాసము ఎచ్చట మొదలై ఎచ్చట ముగిసెనో ఓపిక గలవాడు తేల్చగలడు. అయితే ఆ లోపల ఎవడైనను ఆ ఆకుల మీద చాకలిపద్దు వ్రాయకుండవలెను. వ్రాసినచో ఎంతటి పండితుడును చేయగలిగినది లేదు.

నేటి ప్రసంగవిషయము తాళపత్రము కాదు, ల్యాప్‌టాప్ కంప్యూటరు. ఒకే యంత్రములో రెండు ఆపరేటింగ్ సిస్టములను నిలుపుకొన్నవారు, డిస్కును భాగములు చేయుచుండగా పొరపాటు జరిగి, యంత్రము నల్లని తెరతో నిలిచిపోయినప్పుడు చేయదగినదేమి, చేయరానిదేమి అను విషయము. ముప్పదియైదేండ్లు పిల్లలకు తెలుగు చెప్పి విశ్రాంతి పొందిన పంతులునకు ఈ గొడవ యెందుకని కొందరనుకొనవచ్చును. విశ్రాంతి పొందిన పిమ్మట నిఘంటుకార్యమునకై నేను ఈ యంత్రమును చేపట్టితిని; చేపట్టిన పిమ్మట దాని లోగుట్టు కొంత తెలిసికొనక తప్పినది కాదు. తెలిసికొన్నంతలో నాకు తోచినదేమనగా, ఈ విద్యకును గ్రంథపరిష్కరణ విద్యకును నడుమ మనము తలచినంత దూరము లేదు.

ఒక యంత్రములో రెండు సిస్టములెందుకు? మన దేశమున ముద్రణాలయములవారును పుస్తకములు కూర్చువారును చాలకాలముగా అను ఫాంట్ల మీద ఆధారపడియున్నారు. అవి విండోస్ క్రింద పనిచేయునవి. యూనికోడ్ వచ్చి ఎంతకాలమైనను పలుచోట్ల "అనులో కూర్చి తెండు" అను మాట ఇంకను వినబడుచునే యున్నది. మరియొక వైపున లినక్స్ ఉన్నది. 1991వ సంవత్సరమున హెల్సింకి విశ్వవిద్యాలయమున చదువుచుండిన లైనస్ టోర్వాల్డ్స్ అను విద్యార్థి ఆరంభించిన ఈ కృషి నేడు వెల చెల్లింపనక్కరలేని గొప్ప సాధనసంపత్తిగా పెరిగినది. చదువుకొను పిల్లలకు, పరిశోధకులకు అది యెంతో అక్కర. రెండును కావలసినవారు రెండింటిని ఒక డిస్కులోనే చెరియొక భాగమున నిలుపుకొందురు. యంత్రమును మేల్కొలిపినప్పుడు "ఏది కావలెను?" అని అడుగు పట్టిక యొకటి తెరమీద కనబడును. ఆ ద్వారపాలకుని పేరు గ్రబ్.

డిస్కు అనునది సెక్టరులను చిన్నచిన్న గళ్లుగా ఏర్పడియున్న పెద్ద పొలము వంటిది. ఒక్కొక్క గడి సాధారణముగా 512 బైట్లు. అన్నదమ్ములు ఉమ్మడి పొలమును పంచుకొన్నట్లు ఆ గళ్లను భాగములుగా పంచుదురు. ఒక్కొక్క భాగమునకు పార్టిషను అని పేరు. ఏ భాగము ఏ గడితో మొదలై ఏ గడితో ముగియునో తెలుపు దస్తావేజు డిస్కు మొదటనే యుండును. దానిని పార్టిషను పట్టిక యందురు. కరణముగారి దస్త్రమని మన భాషలో చెప్పుకొందము. పాత పద్ధతిలో, అనగా 1983లో పీసీ డాస్ రెండవ కూర్పుతో వచ్చిన పద్ధతిలో, ఈ దస్త్రమంతయు మొట్టమొదటి గడిలోని 64 బైట్లలో ఇమిడియుండును. 64 బైట్లనగా ఎంత? యూనికోడ్ తెలుగులో ఒక్కొక్క సంకేతమునకు 3 బైట్లు పట్టుటను బట్టి చూచినచో ఒక సీసపాదము వ్రాయుటకును చాలదు. ఇంత పెద్ద పొలమునకు అంత చిన్న దస్త్రము! అందుచేత నాలుగు భాగములకు మించి అందు నేరుగా చెప్పుటకు వీలులేకపోయెను. ఇప్పటి యంత్రములలో జీపీటీ అను కొత్త పద్ధతి వాడుకలో నున్నది. ఇందులో 128 భాగములకు చోటు కలదు. పైగా పట్టికకు రెండవ ప్రతి డిస్కు చిట్టచివర భద్రపరచబడి యుండును. ఒక ప్రతి తంజావూరున, ఒక ప్రతి తిరుపతిన ఉంచినట్లని నేను మా పిల్లలకు చెప్పుచుందును.

ఇప్పుడు ముఖ్యమైన మాట. దస్త్రము కాలిపోయినంత మాత్రమున పొలము కాలిపోదు. గట్లెచ్చటనో కంప్యూటరునకు తెలియదు. పైరు మాత్రము నిలిచియే యుండును. ఈ ఒక్క మాట మనస్సున నాటుకొన్నవాడు కంగారుపడి చేయరాని పనులు చేయడు.

ఆపదలన్నియు ఒక్క తరగతివి కావు. కొన్ని దారి తప్పుట మాత్రమే. విండోస్‌లో కూర్చుండి "ఈ లినక్స్ నాకిక వలదు" అని దాని భాగమును తుడిచివేసినవాడు మరునాడు యంత్రమును తెరచినచో "గ్రబ్ రెస్క్యూ" అను రెండు మాటలు తప్ప మరేమియు కనబడదు. ద్వారపాలకుడు వాకిట నున్నాడు గాని వాని చేతి జాబితా తుడిచిన భాగముతో పోయినది. వాడు గుండె బాదుకొనుచు విండోస్ పోయినదనుకొనును. పోలేదు. యూఈఎఫ్‌ఐ పద్ధతిలోని యంత్రమైనచో మేల్కొలుపు వేళ ఎస్కేప్ గాని, ఎఫ్9 గాని, ఎఫ్12 గాని, చేసినవారి పద్ధతిని బట్టి ఏదో యొక మీట నొక్కి, "విండోస్ బూట్ మేనేజర్" అనుదానిని ఎన్నుకొన్నచో చాలును. లినక్స్ ఉండగా విండోస్‌ను మరల ఎక్కించినవారికి దీనికి విపర్యయము జరుగును. విండోస్ తానే ముందు నిలుచును, లినక్స్ కనబడదు. అదియు ఆ వరుసను మార్చినచో తీరును. మరియొక చిక్కు 2021లో వచ్చిన గ్రబ్ 2.06 కూర్పుతో మొదలైనది. అప్పటినుండి గ్రబ్ ఇరుగుపొరుగు సిస్టములను వెదకుట తనంతట మానివేసినది. ఆ వెదకు పరికరము పేరు ఓఎస్-ప్రోబర్. దానికి గ్రబ్ అమరికల ఫైలులో అనుమతి యిచ్చి, అప్‌డేట్-గ్రబ్ అను ఆజ్ఞను నడపినచో విండోస్ పేరు మరల పట్టికలో చేరును. ఇవన్నియు గడప దగ్గరి తగవులు. ఇంటిలోని సొత్తునకు వీనివలన హాని లేదు.

అసలు దస్త్రమే పోవుట రెండవ తరగతి. దానిని గూర్చి చెప్పుటకు నేను కన్నులార చూచిన ఉదాహరణ మున్నది.

నా శిష్యురాలొకతె మంగళగిరి ప్రాంతపు చేనేతవారి కుటుంబమున పుట్టినది. మగ్గపు గుంటలో కాళ్లు పెట్టుకొని పెరిగిన పిల్ల. పెద్ద చదువులు చదివి, నేతపనివారి పలుకుబడి మీద పరిశోధన చేయుచున్నది. పడుగు, పేక, నాడె, కండె వంటి మాటలు నిఘంటువులలో దొరకును. కాని దారము తెగినప్పుడు ముడి వేయు తీరులకు, అంచు కుదరనప్పుడు తిట్టుకొను తిట్లకు ఉన్న మాటలు ఏ నిఘంటువునను లేవు. అవి ముసలివారి నోట మాత్రమున్నవి. ఆమె నాలుగేండ్లు ఇల్లిల్లు తిరిగి వారి మాటలను ధ్వనిముద్రణము చేసినది. ఆ ముద్రణలను వినుట, విడదీయుట లినక్స్ భాగములో. సిద్ధాంతగ్రంథమును అను ఫాంట్లలో కూర్చుట విండోస్ భాగములో. ధ్వనిముద్రణలకు రెండవ ప్రతి కూడ ఉన్నది. ఆ రెండవ ప్రతి ఉన్నదెచ్చట? అదే డిస్కులోని విండోస్ భాగములో. ఒకే ఇంటి రెండు గదులలో రెండు ప్రతులుంచినచో నిప్పంటుకొన్ననాడు ఏమగునో వేరుగ చెప్పనక్కరలేదు.

లినక్స్ భాగమున చోటు చాలకపోగా, ఆమె తమ్ముడు, ఇంజనీరింగ్ చదువుచున్నవాడు, అక్కకు సాయము చేయబూని, పెన్‌డ్రైవు నుండి ఉబుంటును నడిపి, జీపార్టెడ్ అను పరికరముతో హద్దులు జరపబోయినాడు. జరుపుట అను పనికి బదులుగా "పార్టిషను పట్టికను సృష్టించుట" అను పనిని ఎన్నుకొన్నాడు. డిస్కులోని సమస్తము పోవునని హెచ్చరిక కనబడినది. దానిని చదువకయే సరే అన్నాడు. ఒక్క క్షణము పట్టలేదు. భాగములున్నచోట "కేటాయింపబడని స్థలము" అని ఒకే బూడిదవన్నె పట్టీ కనబడెను. యంత్రమును మరల తెరచినచో బూట్ చేయదగిన పరికరము లేదని తెల్లని అక్షరములు.

వారు మొదట ఒక మరమ్మతు దుకాణమునకు పోయిరి. అచ్చటివారు రెండు నిమిషములు చూచి, "డేటా అంతా పోయింది, ఫార్మాట్ చేసి కొత్తగా విండోస్ వేసి ఇస్తాము" అనిరట. చాల దుకాణములలో ఇదియే తీర్పు. వారి కాలమునకు వెల యున్నది గనుక నేను వారిని నిందింపను. కాని ఆ తీర్పును తలయొగ్గి అంగీకరించినచో, అప్పటివరకు పోనిది అప్పుడు నిజముగా పోయెడిది. ఆ పిల్ల అంగీకరింపలేదు. యంత్రమును ఆర్పి, సంచిలో పెట్టుకొని, నా యొద్దకు వచ్చినది. "మాస్టారూ, మా తాతయ్య గొంతు అందులోనే ఉన్నదండీ" అన్నది. ఆ తాత అంతకు ముందటి సంక్రాంతికి గతించినాడు.

తమ్ముడు గడప దగ్గరనే నిలుచున్నాడు. "లోపలికి రావోయి, నీవు తుడిచినది దస్త్రమే గాని పొలము కాదు" అంటిని.

ఆమె చేసిన గొప్ప మేలు ఏమియు చేయకుండుట. డిస్కులో ఆ తరువాత ఒక్క అక్షరమైనను వ్రాయబడలేదు. ఇట్టివేళ విండోస్ ఒక ఉచ్చు పన్నుచుండును. అట్టి డిస్కునో, తనకు భాష తెలియని లినక్స్ భాగమునో చూపినచో, "దీనిని వాడుటకు ముందు ఫార్మాట్ చేయవలెను, చేయుదునా?" అని వినయముగ అడుగును. దాని మాటకు అర్థము "నాకిది చదువరాలేదు" అని మాత్రమే. చదువరాని తాళపత్రమును చూచి "గీకి శుభ్రము చేయనా?" అను లేఖకుని వంటిది. వలదనవలెను.

మొదటి పని ప్రతి వ్రాసికొనుట. మూలప్రతి మీద చేయి వేయుటకు ముందు దానికి నకలు తీయవలెనని మా గురువులు చెప్పుచుండిరి. ఇచ్చటను అదే నియమము. 500 గిగాబైట్ల ఆ డిస్కును, 1 టెరాబైటు గల వెలుపలి డిస్కునకు, గడి గడిగా, ఖాళీ గళ్లతో సహా నకలు తీసితిమి. డీడీరెస్క్యూ అను జీఎన్‌యూ పరికరము ఇందులకు తగినది. అది చెడిన గడి దగ్గర మొండికెత్తక, దానిని గుర్తుంచుకొని ముందునకు సాగును. ఎచ్చటివరకు వచ్చెనో వేరొక ఫైలులో వ్రాసికొనును గనుక నడుమ కరెంటు పోయినను మరల అచ్చటినుండియే ఆరంభింపవచ్చును. పని ముగియుటకు రెండు గంటలకు పైగా పట్టినది. ఆ సేపు తమ్ముడు తెరకెదురుగ కూర్చుండి అంకెలనే చూచుచుండెను. కాఫీ యిచ్చినను త్రాగలేదు.

ఇక రెండవ పని హద్దులు వెదకుట. జీపీటీ పట్టికకు చివర రెండవ ప్రతి యుండునని చెప్పితిని గదా, దానిని తెచ్చుకొనరాదా యని మీరడుగుదురు. తల పాడై తోక మిగిలినచోట అది చక్కగ పనికివచ్చును. కాని కొత్త పట్టికను సృష్టించు పరికరములు పాతదాని గుర్తులను రెండు కొసల వద్దను తుడుచుట కలదు. పాత దస్త్రమును కొత్త కరణము చింపినట్లు. కావున పొలము మీదికి దిగి హద్దురాళ్లను వెదకవలసినదే. ఆ పని చేయు పరికరము పేరు టెస్ట్‌డిస్క్. క్రిస్టోఫ్ గ్రెనియే అను ఫ్రెంచివాడు దీనిని రచించినాడు, వెల లేదు. చూచుటకు అందచందములు లేనిది, నల్లని తెరమీద తెల్లని అక్షరములు. కాని పనిలో దీని పాండిత్యము గొప్పది.

అది చేయునదేమి? డిస్కులో ఆశ్వాసాదులను వెదకును. విండోస్ వాడు ఎన్‌టీఎఫ్‌ఎస్ భాగము మొదటి గడిలో ఆ పేరే అక్షరరూపమున వ్రాసియుండును. ఆ గడికి నకలు ఆ భాగము చివరి గడిలో నుండును. లినక్స్ వాడు ఈఎక్స్‌టీ4 భాగమున మొదటి నుండి 1024 బైట్లు దాటిన పిమ్మట సూపర్‌బ్లాక్ అను ముఖపత్రముండును. అందు ఆ భాగపు పొడవెంతయో, గడుల లెక్క యెంతయో వ్రాసియుండును. దాని నకళ్లు భాగము పొడుగునను అక్కడక్కడ చల్లబడి యుండును. మొదటిది చెడినను తక్కినవి సాక్ష్యము చెప్పును. ఆదిపద్యము, అంత్యగద్య అని నేను మొదట చెప్పినది ఇందులకే.

ఇచ్చట ఒక సూక్ష్మమున్నది. టెస్ట్‌డిస్క్ మొదట "ఏ పద్ధతి పట్టిక?" అని అడిగి, ఇప్పుడు డిస్కులో నున్నదానిని బట్టి తానే యొక సూచన చేయును. తమ్ముడు పెట్టిన కొత్త పట్టిక పాత పద్ధతిది. కావున అది "ఇంటెల్" అని సూచించెను. మనకు కావలసినది ఇప్పుడున్న పద్ధతి కాదు, పోయిన పద్ధతి. విండోస్ 10తో వచ్చిన ఆ యంత్రమునకు మొదట నుండినది జీపీటీ. కావున "ఈఎఫ్‌ఐ జీపీటీ" అనుదానినే ఎన్నుకొంటిమి. అటుపిమ్మట "అనలైజ్", దాని వెనుక "క్విక్ సెర్చ్".

తెరమీద వరుసలు దిగసాగెను. 100 మెగాబైట్ల చిన్న భాగమొకటి, ఇది ముంగిలి. రెండు సిస్టములను మేల్కొలుపు ఫైళ్లు ఇందుండును. దాని వెనుక విండోస్ పెద్దభాగము. ఆ వెనుక లినక్స్. అంతవరకు సంతోషమే. కాని వీనితో పాటు మరియొక ఎన్‌టీఎఫ్‌ఎస్ భాగము కూడ కనబడెను. అది లినక్స్ భాగము నడుమ మొదలై దానిని దాటి పోవుచున్నది! ఒక గడి ఇద్దరి పొలములోను ఉండుట యెట్లు? తమ్ముని ముఖము మరల వాడిపోయెను.

దీని రహస్యము గ్రంథపరిష్కర్తలకు సులభముగ బోధపడును. ఆ యంత్రము సెకండ్ హాండులో కొన్నది. పూర్వపు యజమాని వేరొక తీరున హద్దులు పెట్టుకొని యుండెను. ఆయన పోయినను ఆయన హద్దురాళ్లలో ఒకటి రెండు భూమిలో పాతుకొని మిగిలినవి. గీకి మరల వ్రాసిన ఆకు మీద పాత అక్షరముల నీడ కనబడినట్లు. టెస్ట్‌డిస్క్‌కు అన్ని రాళ్లును సమానమే. ఏది నేటిది, ఏది నిన్నటిదో తేల్చవలసినవాడు మనుష్యుడు. తేల్చుటకు ఉపాయమున్నది. వరుస మీద నిలిచి "పీ" అను మీట నొక్కినచో ఆ భాగములోని ఫైళ్ల పేర్లు కనబడును. నీడ మీద నొక్కగా దాని ఫైలు వ్యవస్థ చెడియుండవచ్చునని చెప్పి ఊరకుండెను. లినక్స్ వరుస మీద నొక్కితిమి.

సంచికల పేర్లు వరుసగా దిగినవి. ఆమె తన ముద్రణలకు తేదీలనే పేర్లుగ పెట్టుకొన్నది. తెరమీద ఏ తేదీ దగ్గర ఆమె చూపు నిలిచెనో నేను చూచితిని. ఏమియు మాటాడలేదు; కొంగు కన్నులకద్దుకొన్నది.

వ్రాయుటకు ముందే ఆ ఫైళ్లను వెలుపలి డిస్కునకు నకలు చేసితిమి. టెస్ట్‌డిస్క్‌లోనే అందులకు వీలున్నది. పట్టిక మరల కుదురునో కుదురదో, సొత్తు ముందు గట్టు చేరవలెను. తరువాత నీడను విడిచి, నిజమైన భాగములను మాత్రము నిలిపి, "రైట్" అంటిమి. పని ఒక్క క్షణములో ముగిసినది. పోగొట్టుటకును క్షణమే, తెచ్చుటకును క్షణమే. నడుమ వెదకుటకు పట్టిన ఒక పూట మాత్రము మాది.

ఇంతటితో యంత్రము రెండు కాళ్ల మీద లేచి నిలుచునని తలపకుడు. లినక్స్ లేచినది, విండోస్ లేవలేదు. కారణము వినోదకరమైనది. లినక్స్ తన ఇంటిని గుర్తించునది ఇంటి లోపలి గుర్తును బట్టి. ఆ గుర్తు ఫైలు వ్యవస్థలోనే చెక్కియుండును గనుక దస్త్రము మారినను చెక్కుచెదరలేదు. విండోస్ అట్లు కాదు. దాని మేల్కొలుపు పద్దులో దస్త్రములోని పట్టా నంబరే వ్రాసియుండును. కొత్తగ వ్రాసిన పట్టికలో ఆ నంబరులు కొత్తవి. ఇల్లు అదే, వాకిలి అదే, పట్టా నంబరు వేరు. కావున "నా యిల్లు కనబడుటలేదు" అని కూర్చున్నది. విండోస్‌ను ఎక్కించు పెన్‌డ్రైవుతో యంత్రమును లేపి, కమాండ్ ప్రాంప్ట్ తెరచి, డిస్క్‌పార్ట్ చేత ముంగిలి భాగమునకు ఒక అక్షరము నిచ్చి, బీసీడీబూట్ అను ఆజ్ఞను నడపగా ఆ పద్దు కొత్తగ వ్రాయబడినది. ముంగిలి భాగము సామాన్య భాగముగ నమోదైనచో దాని జాతిని ఈఎఫ్‌ఐ సిస్టముగ సరిదిద్దుట కూడ మరువరాదు. మరచినచో యంత్రము వాకిలిని వాకిలిగ గుర్తింపక పోవచ్చును.

ఆ సాయంకాలము తాతగారి గొంతు మా వసారాలో వినబడినది. అంచు కుదరని మగ్గమును ఆయన తిట్టిన తిట్టు ఇచ్చట చెప్పదగినది కాదు, సిద్ధాంతగ్రంథములో అచ్చగును.

ఈ ఉదాహరణ విని ఎల్లవేళల ఇట్లే జరుగునని భరోసా పెట్టుకొనరాదు. వారిది తిరుగుడు పళ్లెముల డిస్కు. ఇప్పుడు ఎక్కువగ వచ్చుచున్నవి ఎస్‌ఎస్‌డీలు. వీనిలో తిరుగు పళ్లెము లేదు, చిప్పులే యున్నవి. ఇందు "ట్రిమ్" అను ఒక ఆచారమున్నది. ఏ గడులు ఇక అక్కరలేదో ఆపరేటింగ్ సిస్టము డిస్కునకు చెప్పును. డిస్కు తీరికవేళ వానిని నిజముగనే తుడిచిపెట్టును. పట్టిక మాత్రమే పోయినచోట వెంటనే ఆర్పినచో ఇంకను ఆశ యుండును. ఆ స్థలమున కొత్త భాగమును సృష్టించి ఫార్మాట్ చేసినచో మాత్రము, ఆ ఫార్మాట్ తోడనే ట్రిమ్ కూడ సాగుట సాధారణము. అట్టిచోట టెస్ట్‌డిస్క్‌కు వెదకుటకు రాయి మిగులదు. తిరుగుడు డిస్కులో ఫైలు వ్యవస్థయే చెడినప్పుడు చివరి దిక్కుగ ఫోటోరెక్ అను పరికరమున్నది. అది పేర్లను, సంచికలను విడిచి, ఫైళ్ల రూపురేఖలను బట్టి దొరికినంత ఏరును. వేలకొలది ఫైళ్లు పేరు లేక కుప్పగ పడును. మొదలు తుద లేని చాటుపద్యముల వలె, ఏది ఎవరిదో కూర్చుండి తేల్చుకొనవలెను.

మరియొక చిక్కు తాళము. కొత్త విండోస్ యంత్రములలో పెక్కింటికి డిస్కును బిట్‌లాకర్ పద్ధతిచే గూఢలిపిలోనికి మార్చుట యజమానికి తెలియకయే జరిగియుండును. బూట్ దారిలో మార్పు వచ్చినంతనే అది 48 అంకెల రికవరీ తాళపుచెవి నడుగును. అది లేనివాడు హద్దులన్నియు తిరిగి నిలిపినను లోపలి అక్షరము ఒక్కటియు చదువలేడు. డిస్కు జోలికి పోవుటకు ముందు ఆ 48 అంకెలు మైక్రోసాఫ్ట్ ఖాతాలో నున్నవేమో చూచి కాగితము మీద వ్రాసికొనుట మేలు.

కాగితమన్నాను గనుక మరియొకటి. లినక్స్‌లో "ఎస్‌ఎఫ్‌డిస్క్" అను ఆజ్ఞకు ఒక "డంప్" గుర్తు చేర్చి నడపినచో భాగములన్నిటి మొదటి గడి, పొడవు, పట్టా నంబరు ఒక చిన్న ఫైలుగ వ్రాసియిచ్చును. ఎక్కువ పంక్తులుండవు. దానిని ఆ డిస్కులో దాచుకొనుట వ్యర్థము. అచ్చువేసి పెట్టెలో పెట్టుకొనవలెను. ఆ కాగితము ముందే యున్నచో మేమంత సేపు రాళ్లు వెదకనక్కరలేకపోయెడిది, విండోస్ పట్టా నంబరు కూడ మారక నిలిచెడిది. మా శిష్యురాలు ధ్వనిముద్రణల ప్రతినొకదానిని పుట్టింట, మరియొకదానిని నా యింట ఉంచినది. ఆ పది పంక్తుల కాగితమును తమ్ముడు తన చేతితో వ్రాసి, అక్క పరిశోధన నోటుబుక్కు అట్ట లోపల అంటించినాడు. అందులో మొదటి పంక్తిలోని అంకె 2048.